పెద్దది బడికి, చిన్నోడు ఎక్కడికి?

ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎక్కువమంది పిల్లల్ని కనమని ఆడవాళ్లకు చెబుతున్నారు. మొన్నటిదాకా వద్దన్నది కూడా ఈ ప్రభుత్వ వ్యవస్థే. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లను స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులను చేసింది. 1997లో రాష్ట్రం జనాభా విధానం ప్రకటించింది. ఆ రోజుల్లో కుటుంబ నియంత్రణ శిబిరాల్లో ఆపరేషన్ బల్ల ఎక్కింది దాదాపు అందరూ స్త్రీలే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి రాష్ట్రంలో సంతానోత్పత్తి రేటు 1.7కి వచ్చింది. దాంతో పాలకులకు కంగారు పుట్టింది. 2024 నవంబరులో శాసనసభ ఆ ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తేసింది. వద్దన్నప్పుడు గానీ, కావాలన్నప్పుడు గానీ మనల్ని అడిగిందెవరు అన్న ప్రశ్న ఎలాగూ ఉంది. దాని మీద మనం చాలా రాశాం, చాలా మాట్లాడాం. నేనిక్కడ అడగదలచింది అంతకన్నా చిన్న ప్రశ్న, రోజూ పొద్దున్నే ఎదురయ్యే ప్రశ్న. ఇప్పటికే కన్న ఇద్దరినీ పగలంతా ఎవరు చూడాలి?

కొన్నేళ్లుగా మంగళగిరిలో, ముఖ్యంగా రత్నాలచెరువు వైపు, చేనేత ఇళ్లకు వెళ్లి వస్తున్నాను. మొదట వెళ్లింది కూలిరేట్ల గురించి అడగడానికి. సమాధానాలు వచ్చేవి గానీ, ఏ సమాధానమూ చివరిదాకా సాగేది కాదు. "ఒరేయ్, కదురు ముట్టుకోకు!", "పాపా, తమ్ముణ్ణి పట్టుకోవే!" అనే కేకలతో మాట తెగిపోయేది. నాలుగైదు నెలలు గడిచేసరికి నా నోటు పుస్తకంలో కూలి లెక్కల కన్నా ఈ కేకలే ఎక్కువయ్యాయి. ఇక వాటి గురించే అడగడం మొదలుపెట్టాను.

ఈ ఇళ్లలో మగ్గం ఉన్న గదే పడకగది. వంటింట్లోకి దారీ అదే. గుంటమగ్గం అంటే నేలలో తవ్విన గొయ్యి. నేసేవాళ్లు అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుని, కింద తొక్కుతూ పైన నాడె ఆడిస్తారు. పక్కనే రాట్నం ముందు ఇంటి ఇల్లాలు నూలు కండెలు చుడుతుంది. కండె అందకపోతే నాడె ఆగిపోతుంది. పడుగు సిద్ధం చేయడంలోనూ, గంజి పెట్టడంలోనూ ఆమె చెయ్యి ఉంటుంది. కొన్ని ఇళ్లలో మగ్గం మీద కూర్చునేదీ ఆమే. ఇంత చేసినా మాస్టర్ వీవర్ కట్టే కూలి సాధారణంగా నేసిన బట్ట లెక్కన, మగవాడి పేరున వస్తుంది. 2019లో మొదలైన నేతన్న నేస్తం పథకం ఏడాదికి 24 వేల రూపాయలు ఇచ్చింది, అదీ సొంత మగ్గం ఉన్న కుటుంబానికి. అక్కడా లెక్క మగ్గానిదే. 2019-20 నాలుగవ చేనేత గణన దేశంలో చేనేత పనివారిలో 70 శాతానికి పైగా స్త్రీలేనని తేల్చింది. అయినా అధికార భాషలో 'నేతన్న'కు పక్కన ఇంకో మాట పుట్టలేదు.

ఇక పిల్లల సంగతి. ఒక తల్లి నాతో అన్న మాట: "వాడు నడవకముందే బాగుండేదండీ." నడక రాని బిడ్డ ఉయ్యాల్లో ఉంటాడు. వాసానికి పాతచీర కట్టి, దాని తాడు కాలికి తగిలించుకుని, కాలితో ఉయ్యాల ఊపుతూ చేత్తో రాట్నం తిప్పడం ఈ ఇళ్లలో ఎవరూ వింతగా చూడరు. బిడ్డకు నడక వచ్చిన రోజు నుంచి అసలు కష్టం మొదలవుతుంది. ఆ గదిలో గుంట ఉంది, తిరిగే కదురు ఉంది, లాగితే రోజు కష్టమంతా చిక్కుపడే పడుగు దారం ఉంది, రెండడుగుల్లో పొయ్యి ఉంది. వానాకాలంలో గుంటలో నీళ్లు ఊరతాయి. అప్పుడు పని ఆగుతుంది గానీ గుంట అలాగే నోరు తెరుచుకుని ఉంటుంది.

ఏడాదిన్నర పిల్లవాణ్ణి వీటన్నిటి నుంచీ కాపాడేది ఎవరు? చాలా ఇళ్లలో నాలుగేళ్ల అక్క. ఇది నేను మొదట నమ్మలేదు. నాలుగేళ్ల పిల్లకు మూతి తుడుచుకోవడమే సరిగా రాదు. కానీ ఆ పిల్ల గుంట అంచున అడ్డంగా కూర్చుంటుంది, తమ్ముడు అటు వస్తే అరుస్తుంది. ఆమె ఉద్యోగం అరవడం. ఆ అరుపు విని తల్లి రాట్నం ఆపి లేస్తుంది. అందుకే ఆమె మరో మాట కూడా అంది: "పెద్దది అంగన్‌వాడీకి పోతే నాకు చెయ్యి విరిగినట్టేనండీ." ఈ మాట దగ్గర మనం కాస్త ఆగాలి. అంగన్‌వాడీలో పూర్వ ప్రాథమిక విద్యకు వచ్చే పిల్లల హాజరు ఎందుకు నిలకడగా ఉండదు అని అధికారుల సమావేశాల్లో తరచూ చర్చ జరుగుతుంది. తల్లుల అజ్ఞానం, శ్రద్ధ లేకపోవడం అని తేల్చేస్తారు. చిన్నవాడికి చోటు లేకపోవడం వల్లే పెద్దదాని చదువు ఆగుతోందని ఏ రిజిస్టరులోనూ కనపడదు. రిజిస్టరులో పిల్లలు వయసులవారీగా విడివిడి గడుల్లో ఉంటారు. ఇంట్లో మాత్రం ఇద్దరూ ఒకే తల్లి రెండు చేతులకూ వేలాడుతుంటారు.

ఈ వ్యవస్థ అలా కట్టిందే. సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. దానికి పునాది వేసినవాళ్లలో మీనా స్వామినాథన్ ఒకరు. బడికి ముందు వయసు పిల్లలపై 1972లో నివేదిక ఇచ్చిన కమిటీకి ఆమే నాయకత్వం వహించారు. పథకంలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు కేంద్రంలో కూర్చునే చోటు వచ్చింది. మూడేళ్ల లోపు వాళ్లకు ఇంటికి తీసుకుపోయే ఆహారం వచ్చింది. ఆహారం కావలసిందే, కాదనను. కానీ పొట్లం ఇచ్చి పంపితే దాన్ని కలిపి తినిపించే మనిషి ఇంట్లో ఖాళీగా ఉందని ముందే అనుకున్నట్టు కదా. ఆ మనిషి రాట్నం ముందు కూర్చుని ఉంది. 2025 జూన్‌లో మొదలైన 'తల్లికి వందనం' ఇంట్లో ఎంతమంది చదువుకుంటుంటే అంతమందికీ డబ్బు ఇస్తుంది, మంచిదే. అయితే అది ఒకటో తరగతి నుంచి మొదలవుతుంది. తల్లికి నడుం విరిగేది అంతకు ముందు ఐదేళ్లలో.

చట్టాలు చూద్దాం. 1948 ఫ్యాక్టరీల చట్టం 30 మందికి మించి స్త్రీలు పనిచేసే చోట శిశుగృహం ఉండాలంది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 50 మందికి మించి స్త్రీలుంటే అంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి 50 మంది ఉద్యోగులున్న సంస్థకు ఆ బాధ్యత పెట్టారు, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చన్నారు. 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ ఆ 50 అలాగే ఉంది. ఈ అంకెలన్నీ ఒకే కప్పు కింద పనిచేసే స్త్రీలను చూసి వేసినవి. మంగళగిరిలో ఒక వీధిలో 50 మంది స్త్రీలు కండెలు చుడుతుండవచ్చు. కానీ వాళ్లు 50 గుమ్మాల లోపల, ఒక్కొక్కరుగా ఉన్నారు. యజమాని ఒకడే అయినా చట్టం దృష్టిలో వాళ్లు కలిసి లేరు. ఇంటి దగ్గర పనిచేసేవారికి మిగతా కూలివారితో సమానంగా ప్రసూతి రక్షణ ఉండాలన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం 1996లో వచ్చింది, 177వ నంబరు. భారతదేశం దాన్ని ఆమోదించలేదు. అంతకు ముందే, 1988లో, ఇలా భట్ అధ్యక్షతన 'శ్రమశక్తి' నివేదిక అసంఘటిత రంగంలో స్త్రీల స్థితిని మన ముందు పెట్టింది.

రాజధాని పనులు మళ్లీ మొదలయ్యాక మంగళగిరి చుట్టూ మార్పు కనపడుతోంది. హైవే పక్క అపార్టుమెంట్లలో ఫీజులు కట్టించుకునే ప్లే స్కూళ్లు వచ్చాయి. రంగురంగుల గోడలు, ఇంగ్లీషు పాటలు. డబ్బున్న తల్లికి అక్కడ నాలుగు గంటలు దొరుకుతాయి. అమరావతిలో ఇటుకలు మోసే తల్లికి చట్టప్రకారం శిశుగృహం హక్కు. గాంధీ శతజయంతి కోసం 1969లో ఢిల్లీలో కడుతున్న ప్రదర్శనశాల పక్కన ఇసుకలో పడి ఉన్న కూలీల పిల్లల్ని చూసి మీరా మహదేవన్ మొబైల్ క్రెష్ మొదలుపెట్టారు. ఒక డేరాతో మొదలైంది అది. ఇంత పెద్ద రాజధాని కట్టేచోట ఎన్ని డేరాలు లేచాయో మన సంఘాలు వెళ్లి లెక్కపెట్టడం అవసరం.

నా సంగతీ చెప్పాలి. నా ఇద్దరు పిల్లలకూ మధ్య రెండున్నరేళ్ల తేడా. పెద్దవాడు నర్సరీలో, చిన్నది పాకే వయసులో ఉన్నప్పుడు నేను ఉద్యోగానికి వెళ్లగలిగానంటే మా అమ్మ వల్లా, నెలజీతానికి వచ్చిన ఒకామె వల్లా. ఆమె పిల్లల్ని ఆమె అత్త చూసేది, అత్తకు మోకాళ్ల నొప్పులు. మా ఇంట్లో మా ఆయన 'సాయం' చేసేవారు. ఆ మాటను చుట్టాలు ఎంత మెచ్చుకుంటూ పలికేవారో! 2019 కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటి చాకిరీ చేసే స్త్రీ దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాడు పెట్టేది 97. పిల్లలు, ముసలివాళ్ల సంరక్షణకు స్త్రీ 134, మగవాడు 76. కొందరు మిత్రులు ఇక్కడే ఆగి, మగవాళ్లు మారితే చాలంటారు. మారాలి. కానీ మగ్గం గుంటలో ఉన్న మనిషి మారినా అతనూ పన్నెండు గంటలు పనిలోనే ఉంటాడు. పంచుకోవడానికి ఇంట్లో ఖాళీ చేతులే లేనప్పుడు బాధ్యత వీధిలోకి రావాలి, ప్రభుత్వం దాకా పోవాలి.

"తల్లి ఒడి కన్నా శిశుగృహం మేలా?" అని అడిగేవాళ్లు మన సభల్లోనూ ఉన్నారు. వాళ్లను ఒక్క పూట ఆ గదిలో కూర్చోమనండి. అక్కడ ఒడి ఖాళీగా లేదు, నూలు ఉంది. పాతకాలంలో ఉమ్మడి కుటుంబం చూసుకునేదంటారు. చూసుకున్నది కుటుంబం కాదు, అందులోని ముసలమ్మలూ, పెళ్లికాని ఆడపిల్లలూ.

ఈ బరువంతా అంగన్‌వాడీ కార్యకర్త మీద వేద్దామనే తేలికైన ఆలోచన ఒకటుంది. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు రాష్ట్రమంతా అంగన్‌వాడీలు సమ్మె చేశారు. అప్పటికి కార్యకర్తకు నెలకు 11,500, సహాయకురాలికి 7,000 గౌరవ వేతనం. జనవరి 6న ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవ అన్నారు. అంత అత్యవసరమైన పనికి కనీస వేతనం మాత్రం ఇవ్వలేదు! అంతకు ముందే, 2022 ఏప్రిల్‌లో, సుప్రీంకోర్టు వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు చెప్పింది. ఇప్పుడు 'పాల్నా' పేరుతో అంగన్‌వాడీలోనే శిశుగృహం నడపాలంటున్నారు. కేంద్రం ఈ పథకాన్ని 2022లో పాత జాతీయ క్రెష్ పథకం స్థానంలో తెచ్చింది. ఆ పాత పథకంలో ఒకప్పుడు 20 వేలకు పైగా కేంద్రాలుండేవి, నిధులు ఎండగట్టి కొన్ని వేలకు దించారు. అంగన్‌వాడీలోనే పెట్టడం మంచి ఆలోచన, అక్కా తమ్ముడూ ఒక్క గుమ్మంలోకి వస్తారు. అయితే పసివాళ్లను చూసే మనిషి వేరుగా ఉండాలి. జీతం జీతంగా ఇవ్వాలి. ఒక స్త్రీకి ఊపిరి ఇవ్వడానికి ఇంకో స్త్రీని చవగ్గా వాడుకునే పథకానికి మనం చప్పట్లు కొట్టనక్కర్లేదు.

మన సంఘాల డిమాండ్ల పత్రాల్లో శిశుగృహం ఎప్పుడూ అట్టడుగు వరుసలో ఉంటుంది. హింస, ఆస్తి, మద్యం, రాజకీయ ప్రాతినిధ్యం అన్నీ అయ్యాక, కాగితంలో చోటు మిగిలితే. మంగళగిరిలో ఆడవాళ్లు మాత్రం దాన్ని చాలా వివరంగా అడుగుతున్నారు. కేంద్రం ఉదయం ఏడింటికే తెరవాలి, ఎందుకంటే మగ్గం అప్పటికే మొదలవుతుంది. సాయంత్రం ఆరుదాకా ఉండాలి. పిల్లాణ్ణి చంకనెత్తుకుని నడిచి పోయేంత దగ్గర్లో ఉండాలి, హైవే దాటకూడదు. పాలిచ్చే తల్లి మధ్యలో వచ్చి పోగలగాలి. మరుగుదొడ్డి చిన్నపిల్లల ఎత్తులో ఉండాలి. ఖర్చులో వాటా మాస్టర్ వీవర్ల దగ్గర, షాపుల దగ్గర వసూలు చేయాలి, ఎందుకంటే కండె వాళ్లకోసమే తిరుగుతోంది. వానాకాలంలో గుంటలో నీళ్లొచ్చి నేత ఆగినప్పుడు కేంద్రం కూడా మూసేస్తారేమోనని ఒకామె అడిగింది. అప్పుడు మూయకూడదని, ఆ రోజుల్లో వేరే కూలికి పోవలసి వస్తుందని ఆమే చెప్పింది.