దారిలో నిలిచిన బండి

చేతిలో సెల్‌ఫోనున్నది గదా, ఇక దారిలో భయమేమని నేటి ప్రయాణికుడు తలచుచున్నాడు. 1995వ సంవత్సరము జులై 31వ తేదిన మన దేశమున మొదటి సెల్‌ఫోను సంభాషణ కలకత్తాకును ఢిల్లీకిని నడుమ జరిగినది. నాడది మంత్రుల చేతి వస్తువు. నేడది లారీ క్లీనరు చొక్కాజేబులో నున్నది. బండి చెడినచో మెకానిక్కును వెదకుచు రాత్రివేళ క్రోసులకొలది నడచిన దినములు గతించినవి. సంతోషమే. కాని ఫోను పిలుచును గాని తాను రాదు. పిలుపునకు పలుకువాడును, పలికిన పిమ్మట వచ్చువాడును లేనిచో అది చీకటిలో చేతిదీపము మాత్రమే.

హైదరాబాదునుండి విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారిని చూడుడు. పంతంగి, కొర్లపహాడు, చిల్లకల్లు గ్రామములకడ సుంకపుగేటులున్నవి. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగు నిర్బంధమైనది. అద్దమున అంటించిన చీటిని యంత్రము చూచినంతనే రుసుము బ్యాంకుఖాతానుండి పోవును. పుచ్చుకొనుటలో నింత చురుకైన చేయి ఇచ్చుటలో నెంత చురుకైనదని, సూర్యాపేట దాటి కోదాడ చేరకమునుపే నడిరేయి టైరు పగిలినవానికి తోచకమానదు.

సాయమే లేదని మేమనము. కేంద్రప్రభుత్వము 2018లో జాతీయ రహదారులకై 1033 నంబరును నెలకొల్పినది. రాత్రింబవళ్లు ఉచితముగా పిలువవచ్చును. గస్తీబండిని, క్రేనును, అంబులెన్సును పంపించుట దాని పని. ప్రాణాపాయమైనచో 112 ఉన్నది. 2005లో హైదరాబాదుననే మొదలైన 108 ఉన్నది. 108 అననేమో పల్లెలో పిల్లవానికిని తెలియును. 1033 ఎందఱికి తెలియును? ఈ పత్రిక చదువుచున్న పఠనాలయములోనే నలుగురి నడిగి చూడుడు.

ఇది సౌకర్యపు మాట కాదు, ప్రాణముల మాట. 2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరి. రోడ్ల మొత్తపు నిడివిలో జాతీయ రహదారులు నూటికి రెండు పాళ్లే. మృతులలో నూటికి 36 మంది వానిమీదనే పోయిరి. ఆ యేటి ప్రమాదములలో వెనుకనుండి గ్రుద్దుకొన్నవే అన్నిటికంటె హెచ్చు. నిలిచిన లారీకి వెనుకదీపము లేనిచో, అది కంటబడునప్పటికి వచ్చువానికి బ్రేకు వేయ వ్యవధి యుండదు. కావున చెడిన బండి దాని యజమానికే గాక ఆ దారిన పోవు ప్రతివానికిని గండము.

భీమా కంపెనీలు అదనపు రుసుమునకు దారిసాయ మమ్ముచున్నవి, కొనుక్కొనరాదా యని కొందఱందురు. కొనగలవారు కొందురు గాక. కూలికి తోలు లారీడ్రైవరు మాటయేమి? ఆటోలో పెండ్లికి పోవు కుటుంబము మాటయేమి? 2022 మృతులలో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములవారే, వారి మాటయేమి? అపాయము అందఱిదైనప్పుడు సాయము చీటి కొన్నవానికే దక్కుట న్యాయము కాదు. వేసవిలో చలిపందిలి వేసినవాడు నీళ్లు పోయుటకు ముందు నీ యూరేదని బాటసారి నడుగలేదు.

కావున మేము కోరునవి మూడు. మొదటిది, ప్రతి కిలోమీటరురాతికడను 1033 నంబరు తెలుగులో పెద్దయక్షరములతో నుండవలెను. రాతిమీది అంకె రాత్రి దీపపు వెలుగున మెఱయవలెను. తానెచ్చట నున్నాడో చెప్పలేనివాని కెవరును సాయము చేయజాలరు. రెండవది, పిలిచినవానికి తెలుగులో జవాబు రావలెను. తెలంగాణ, ఆంధ్రప్రదేశముల సరిహద్దున నిలిచినవానిని ఇది మా పరిధి కాదని త్రిప్పరాదు. మూడవది, ప్రతి సుంకపుగేటుకడను, సుంకపు ధరలు వ్రాసిన బోర్డు ప్రక్కనే, గడచిన మాసమున పిలుపులెన్ని వచ్చినవో, ఎన్ని నిమిషములలో బండి చేరినదో వ్రాసిపెట్టవలెను. ఈ మూడింటిలో మిక్కిలి ముఖ్యమైనది కడపటిదే. లెక్క బయటపడినచోట అలసత్వము నిలువదు.

అంతవఱకు మన విధి మనకున్నది. బండి మొరాయించినంతనే ఎడమయంచునకు తీయవలెను, మినుకుదీపములు వేయవలెను, ఎఱ్ఱత్రికోణమును చాల వెనుకగా నిలుపవలెను. లోనివారందఱు దిగి రోడ్డునకు దూరముగా నిలిచి, పిమ్మట ఫోను తీయవలెను. బండిచుట్టు రాళ్లును చెట్టుకొమ్మలును పేర్చి, బాగైన తరువాత వానిని నడిరోడ్డుననే విడిచిపోవు దురాచారము మనలో నున్నది. తన గండము గడచెనని ఇతరునికి గండము పెట్టుట పాపము. అపాయకరముగా బండిని విడిచిపెట్టరాదని 1988 నాటి మోటారువాహనముల చట్టపు 122వ సెక్షనే చెప్పుచున్నది. ఆ చట్టమునకే 2019లో జరిగిన సవరణ, గాయపడినవానికి సద్బుద్ధితో సాయపడినవారికి రక్షణ కల్పించినది. కావున కేసులకు వెఱచి మొగము త్రిప్పుకొని పోవలసిన పని లేదు.

పాఠకులారా, ఈ పుట త్రిప్పుటకు ముందు 1033 నంబరును మీ ఫోనులో వ్రాసికొనుడు. ఫోనున్నను చదువురానివానికి మీరే వ్రాసియిండు. తరువాతి ప్రయాణమున సుంకపుగేటుకడ ఆగినప్పుడు, పిలుపుల లెక్క వ్రాసిన బోర్డేదని యడుగుడు. ఒక్కడడిగిన నవ్వుదురు, నూరుగు రడిగిన వ్రాయుదురు.