రౌటర్ కోసం అటక మీది పాత పీసీని దించుతున్నారా? ముందు ఈ లెక్క చూడండి

"ఇంట్లో పాత కంప్యూటర్ ఉంది కదా, దాన్నే రౌటర్ చేసేస్తే ఫ్రీ!" అనే మాట వినే ఉంటారు. నేనూ అదే నమ్మాను. కూచిపూడిలో మా అక్క ఇంట్లో ఆ పని చేశాను కూడా. మూడు నెలలకే ఆ డెస్క్‌టాప్ మళ్లీ అటకెక్కింది.

అసలు రౌటర్ మార్చాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, అక్క పొద్దున్నే ఆరున్నరకి అమెరికాలోని పిల్లలకి ఆన్‌లైన్‌లో నాట్యం నేర్పుతుంది. స్పీడ్ టెస్ట్‌లో 100 ఎంబీపీఎస్ వస్తున్నా, ఇంట్లో ఎవరి ఫోనైనా ఫొటోలు బ్యాకప్ చేయడం మొదలుపెడితే చాలు, వీడియో ఆగిపోయేది. తాళం ఒకచోట, అడుగు ఇంకోచోట! అప్‌లోడ్ క్యూ నిండిపోయి, వీడియో ప్యాకెట్లు ఫొటోల వెనకాల నిలబడిపోవడమే దీనికి కారణం. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. ప్లాన్ స్పీడ్ పెంచినంత మాత్రాన ఇది పోతుందన్న గ్యారంటీ లేదు. క్యూని సరిగ్గా నడిపే రౌటర్ కావాలి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఎస్‌క్యూఎం అనే ఉచిత సదుపాయం ఈ పనే చేస్తుంది. 40 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌ని 36 దగ్గర కట్టడి చేశాను, సమస్య తీరింది.

కానీ కొత్త సమస్యలు వచ్చాయి. వాట్ మీటర్ పెట్టి చూస్తే ఆ పాత కోర్ 2 డుయో పెట్టె 60 వాట్లు లాగుతోంది. రౌటర్ 24 గంటలూ నడవాల్సిందే కాబట్టి నెలకి 43 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలు వేసుకున్నా ఏడాదికి 3,100. పైగా కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి మారిన ప్రతిసారీ అది రీస్టార్ట్ అయ్యేది. "ఒరేయ్, ఫ్రీ అన్నావుగా, బిల్లు నువ్వే కట్టు" అంది అక్క.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను: చౌక అంటే కొన్న ధర కాదు, మూడేళ్లు నడిపిన ఖర్చు. ఆ లెక్కన సెకండ్ హ్యాండ్ థిన్ క్లయింట్ మంచి బేరం. ఆఫీసులు వాడి తీసేసిన చిన్న పెట్టెలివి. నేను ఎచ్‌పీ టీ620 ప్లస్ తీసుకున్నాను. ఫ్యాన్ లేదు, దుమ్ము బెడద తక్కువ. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఉంది కాబట్టి రెండు పోర్టుల పాత ఇంటెల్ లాన్ కార్డు పెట్టాను. అంతా కలిపి సుమారు 15 వాట్లు, అంటే నెలకి 11 యూనిట్లలోపే. ఇన్వర్టర్ మీదకి మారినా ఇంతవరకు ఆగలేదు.

కొనేముందు ఇవి చూసుకోండి. రెండు లాన్ పోర్టులు ఉండాలి, లేదా కార్డు పెట్టే స్లాట్ అయినా ఉండాలి. యూఎస్‌బీ లాన్ అడాప్టర్ మీద రోజంతా ఆధారపడొద్దు. రాస్ప్‌బెర్రీ పై 4 చిన్నదే కానీ దానికున్నది ఒక్క లాన్ పోర్టే. పీఎఫ్‌సెన్స్ వేసుకునేవాళ్లకి 64 బిట్ ప్రాసెసర్ తప్పనిసరి. వీపీఎన్ వాడేట్టయితే ఏఈఎస్-ఎన్ఐ ఉందో లేదో చూడండి. పవర్ అడాప్టర్ లేకుండా అమ్మే పెట్టె జోలికి పోవద్దు. వైఫై కోసం విడిగా ఏమీ కొనక్కర్లేదు, పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా పెట్టుకోవచ్చు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. మీ కనెక్షన్ 100 లోపే ఉండి, వీపీఎన్ అవసరం లేకపోతే, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సపోర్ట్ ఉన్న మామూలు రౌటరే చాలు. దానికి 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్‌కి తగ్గకుండా చూసుకోండి. నేను థిన్ క్లయింట్‌కి వెళ్లింది రేపు ప్లాన్ పెంచినా సరిపోవాలని.

మొన్న క్లాసు నడుస్తుండగానే మా మేనల్లుడు పెళ్లి వీడియోలన్నీ అప్‌లోడ్ పెట్టాడు. అక్కకి ఆ సంగతే తెలియలేదు. రౌటర్ బాగుందనడానికి నాకు ఇంతకంటే రివ్యూ అక్కర్లేదు.