హెడ్స్ అప్ అంటే తల ఎత్తమని కాదు

సైటులో పైనుంచి ఏదైనా జారితే ఇంగ్లిషువాళ్లు 'హెడ్స్ అప్' అని కేక వేస్తారు. మన జగిత్యాల కుర్రాడొకడు ఆ కేక విని బుద్ధిగా తల పైకెత్తి చూశాడు. స్కఫోల్డింగ్ క్లాంపు వాడి భుజానికి రాసుకుంటూ పోయి ఇసుకలో పడింది. ఆ మాటకు అర్థం జాగ్రత్త, పక్కకు తప్పుకో అని. అమెరికా పద్ధతిలో పని నేర్చిన రిగ్గర్లు ఉన్నచోట ఇదే ప్రమాదానికి 'హెడేక్' అని అరుస్తారు. తలనొప్పి ఎవరికని మనవాడు చుట్టూ చూస్తూ నిలబడితే గతేంకాను?

ఆ రోజు అందరం నవ్వేశాం. రాత్రి క్యాంపులో నడుం వాల్చాక గానీ ఆ నవ్వుకు సిగ్గేయలేదు. కేక అర్థం చెప్పని తప్పు సూపర్‌వైజర్లం మాది, నవ్వుల పాలయింది వాడు.

మేం డిప్లొమా చదివినవాళ్లం. మాకే మొదటి ఏడాది సగం మాటలు తలకెక్కలేదు. పాలిటెక్నిక్‌లో కాలమ్, బీమ్ లెక్కలు నేర్పారు గానీ, 'నాక్ ఆఫ్' అంటే పని ముగించి పొమ్మని, 'నాక్ ఇట్ ఆఫ్' అంటే ఆ వేషాలు ఆపమని ఎవరు చెప్పారు? ఫిలిప్పీన్స్ వాళ్ల ఇంగ్లిషు ఇంకో దారి. ఫోనులో 'ఫర్ ఎ వైల్' అంటే ఒక్క నిమిషం ఆగమని, 'సీఆర్' అంటే మరుగుదొడ్డి అని. అరబ్బీ ముక్కలే నయం. మాఫీ, ఖల్లాస్, యల్లా మూడు నెలల్లో నోటికి పట్టేస్తాయి. ఒక్క 'బుక్రా'కే రెండర్థాలు, రేపు అని ఒకటి, ఎప్పటికీ కాదని ఒకటి.

మన తెలుగేమైనా తక్కువ తిన్నదా? 'గివ్ మీ ఎ హ్యాండ్' అంటే కాస్త సాయం పట్టమని. మన ఊళ్లో 'చెయ్యిచ్చాడు' అంటే నమ్మించి ముంచాడని. 'డోంట్ కట్ కార్నర్స్' అని ఇంజినీరు హెచ్చరిస్తే, ఒక షట్టరింగ్ కార్పెంటర్ ప్లైవుడ్ మూలలు కొయ్యొద్దన్నాడేమో అనుకుని తలూపాడు. కవర్ బ్లాకులు మానేసి పని తేల్చేయొద్దన్నది ఆయన మాట. 'టై ఆఫ్' అంటే నడుముకున్న బెల్టు కొక్కేన్ని గట్టి చోట తగిలించమని. ఇది తెలియకపోతే ప్రాణం మీదికొస్తుంది. 'నియర్ మిస్' అంటే వెంట్రుకవాసిలో తప్పిన ప్రమాదం. దాన్ని రిపోర్టు చేస్తే కేసవుతుందేమోనని మనవాళ్లు దాచేస్తున్నారు. రేపు అదే చోట ఇంకొకడికి తగులుతుంది.

ప్రాణం సంగతి అలా ఉంచితే, డబ్బు సంగతీ ఉంది. దమ్మామ్‌లో మాతో పనిచేసిన ఒక పెద్దాయన్ని ఆఫీసుకు పిలిచి 'వీ ఆర్ లెటింగ్ యు గో' అన్నారు. వెళ్లనిస్తున్నారు, అంటే సెలవు దొరికిందనుకున్నాడాయన. సంతోషంగా సంతకం పెట్టి, దుప్పట్లు, సబ్బులు కార్గోకు కట్టి, ఊళ్లో బిడ్డ పెళ్లికి ముహూర్తం చూడమని ఫోను కూడా చేశాడు. చేతికొచ్చింది ఎగ్జిట్ రీఎంట్రీ కాదు, ఫైనల్ ఎగ్జిట్. సంతకం పెట్టింది లెక్క మొత్తం ముట్టిందన్న కాగితం మీద. 2016లో చమురు ధర పడిపోయి ఇక్కడి నిర్మాణ కంపెనీలు వేలమందిని తీసేసినప్పుడు కూడా 'రిలీజ్', 'డీమోబ్' లాంటి మెత్తటి మాటలే వినపడ్డాయి. ఉద్యోగం పోయిందని తిన్నగా చెప్పే ఇంగ్లిషు ఆఫీసుల్లో అరుదు. ఇంకో సంగతి, సౌదీ కార్మిక చట్టం ప్రకారం కాంట్రాక్టులో ఇంగ్లిషుకూ అరబ్బీకీ తేడా వస్తే అరబ్బీ పాఠమే చెల్లుతుంది. అందుకని ఇంగ్లిషు అర్థమైందని సంబరపడి సంతకం పెట్టకండి, అరబ్బీ చదివేవాడితో చదివించుకోండి.

మనవాళ్ల నోట అన్నిటికన్నా ప్రమాదకరమైన ఇంగ్లిషు మాట 'ఎస్ సార్'. అర్థమైనా ఎస్ సార్, కాకున్నా ఎస్ సార్. అర్థం కాలేదంటే వెనక్కి పంపేస్తారన్న భయం. ఆ భయాన్ని పెంచింది మేమే. ఆర్డరు ఇచ్చాక 'అర్థమైందా' అని అడిగితే లాభం లేదు, 'ఏం చెయ్యమన్నానో నువ్వు చెప్పు' అనాలి. క్రేన్ కింద, మేడ మీద అంచున ఈ నాజూకు నుడికారాలు అసలు వాడకూడదు. ఆపు, తప్పుకో, కట్టు, వదులు. ఈ నాలుగూ తెలుగు, హిందీ, ఇంగ్లిషుల్లో అందరికీ వస్తే చాలు. ఇండియాలో విమానం ఎక్కేముందు ఇచ్చే పీడీఓటీ శిక్షణలో కూడా ఈ సైటు మాటలు కొన్ని చేరిస్తే బాగుంటుంది.

అలాగని సినిమాల్లో విన్న స్లాంగ్ అంతా నేర్చి ఇంజినీరు మీద ప్రయోగించొద్దు. 'మ్యాన్', 'డ్యూడ్' అని పిలిచి తిట్లు తిన్న కుర్రాళ్లున్నారు. వినడానికి నేర్చుకోండి, అనడానికి తొందర లేదు.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదన్నది ఇక్కడి నిబంధన. ఆ విరామంలో మా షెడ్డులో పాత ప్లైవుడ్ ముక్క మీద సుద్దతో రోజుకో మాట రాయడం మొదలుపెట్టాం. మొదటి మాట రాసింది ఆ జగిత్యాల కుర్రాడే. ఎదురుగా తెలుగులో 'తల కాచుకో' అని రాశాడు. కడప అన్న ఒకాయన 'పక్కకు దూకు' అనాలని పట్టుబట్టాడు. రెండూ ఉంచేశాం.