మా చలికాలానికి మంచు బొమ్మ ఎందుకు?

మాది ప్రొద్దుటూరు. నా పుట్టిల్లు జమ్మలమడుగు, మా ఆడబిడ్డను ఇచ్చింది పులివెందుల. పండగలకీ పబ్బాలకీ ఈ మూడూళ్ల మధ్య బస్సుల్లో తిరుగుతుంటాం. కిటికీ పక్కన కూర్చుంటే చాలు, ఏ నెలలో చేలు ఎట్లా ఉంటాయో మా చిన్నోడికి తెలిసిపోయింది. అదే వాడికి చేటయింది.

మూడో తరగతి పరీక్షలో వానాకాలం ఏ నెలల్లో వస్తుందని అడిగారు. వీడు అక్టోబరు, నవంబరు అని రాశాడు. ఎర్రసిరాతో కొట్టేశారు. పుస్తకంలో జూన్ నుంచి సెప్టెంబరు అని ఉందట. నేను పోయి అడిగితే, "పుస్తకంలో ఉన్నదే రాయాలి మేడమ్" అన్నారు.

పుస్తకం తప్పని నేననను. నైరుతి రుతుపవనాలు వచ్చేది అప్పుడే. కానీ అక్టోబరు నుంచి మనకు ఈశాన్య రుతుపవనాలు కూడా ఉన్నాయి కదా! 2021 నవంబరులో, మన ఉమ్మడి కడప జిల్లాలోనే, చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఎన్ని ప్రాణాలు పోయాయో మరిచిపోయామా? కళ్లతో చూసింది రాసిన పిల్లాడికి సున్నా వేస్తే, రేపటి నుంచి వాడు చూడడం మానేస్తాడు. "నీకెట్లా తెలిసిందిరా అబ్బీ?" అని ఒక్క మాట అడిగుంటే అదే సైన్సు పాఠం అయ్యుండేది.

ఆ తరగతి గోడకు రుతువుల చార్టు ఉంది. చలికాలం కింద మంచు బొమ్మ, మెడకు మఫ్లరు, ముక్కుకు క్యారెట్టు. ప్రొద్దుటూరులో! మన చలికాలమంటే జమ్మలమడుగు నల్లరేగడిలో బుడ్డశనగ. నీళ్లు కట్టకపోయినా నేలలో మిగిలిన పదునుతో పెరిగే పైరు. మందు కొట్టని చేలో లేత శనగాకును తాకి, వేలు నాలుకకు రాసుకోండి. పుల్లగా ఉంటుంది. ఆకు మీది నూగులోంచి ఊరే ఆమ్లమే ఆ పులుపు. ఆమ్లమంటే ఏమిటో ఏ చార్టు ఇంత బాగా చెబుతుంది?

ఇక సైన్స్ ఫెయిర్. రాత్రి పన్నెండు దాకా థర్మోకోల్ కోసి అగ్నిపర్వతం చేసింది నేను, రంగులేసింది వాళ్ల నాన్న. పిల్లోడు హాయిగా నిద్రపోయాడు. బహుమతి వాడికే వచ్చింది. ఆ సర్టిఫికెట్ చూస్తే నాకే సిగ్గేస్తుంది. మీ ఇళ్లలో కూడా ఇదే కథ కదూ?

సిలబస్ ఎప్పుడు ముగించాలి అంటారు టీచర్లు. వాళ్ల కష్టం నాకు తెలుసు, మార్కుల కోసం వాళ్లను నిలదీసేదీ మనమే. కానీ బడి చదువును బయటి బతుకుతో కలపాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళికే చెప్పింది. 'రైలుబడి' చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ హెడ్మాస్టరు ఒక రైతును పిలిచి ఈయనే మీ వ్యవసాయం టీచరని పిల్లలకు పరిచయం చేస్తాడు. మన బళ్ల చుట్టూ ఎంతమంది రైతులు లేరు?

ఖర్చేమీ లేదు. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం టీచరే వేసి చూపిస్తే ఎర్రగా పారాణి అవుతుంది, నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగుకొస్తుంది. గోడకు ఒక కాగితం అంటించి, ఈరోజు వాన పడిందా, బజారుకు ఏ కాయలొచ్చాయి, చీనీకాయ ధర ఎంత అని పిల్లలతోనే రాయించండి. ఏడాది తిరిగేసరికి అదే మన ఊరి రుతువుల చార్టు.

తల్లులారా, ఈసారి థర్మోకోల్ కొనొద్దు. ప్రాజెక్టు పిల్లల్నే చేయనివ్వండి, వంకరగా వచ్చినా సరే. మా వాడి తరగతికి అక్టోబరులో కిలో బుడ్డశనగలు నేను పంపిస్తానని చెప్పి వచ్చాను. తడిగుడ్డలో మొలక కట్టడానికి. సరేనని ఇంకా అనలేదు, మళ్లీ పోయి అడుగుతా.