పటం ఒకటి, ఫైళ్లు మూడు

పటాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో కొత్తవారిని తికమకపెట్టేది 'ఓపెన్‌', 'సేవ్‌' విండోలే. షేప్‌ఫైల్‌ పేరుకే ఒకటి. నిజానికి కనీసం 3 ఫైళ్లు: ఎస్‌హెచ్‌పీలో ఊళ్ల హద్దులు, డీబీఎఫ్‌లో వాటి పేర్లు, ఎస్‌హెచ్‌ఎక్స్‌లో ఆ హద్దులకు దారిచూపే సూచిక. పెన్‌డ్రైవ్‌లో ఎస్‌హెచ్‌పీ ఒక్కటే తీసుకెళ్తే ఊళ్ల పేర్లు వెంట రావు. సేవ్‌ చేసేటప్పుడు యూటీఎఫ్‌-8 ఎంచుకోకపోతే తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారిపోవచ్చు. ఈ సంగతులు విండోయే చెప్పాలి. 2018లో వచ్చిన క్యూజీఐఎస్‌ 3, అన్నీ ఒకే ఫైల్లో ఉండే జియోప్యాకేజ్‌ను ముందుంచింది. మంచి మార్పే. కానీ పాత షేప్‌ఫైళ్లు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. ఇంటికెళ్లి అడగడానికి ఎవరూ లేని మనలాంటివారికి తెరమీది మాటే గురువు. రేపు సాఫ్ట్‌వేర్‌ రాయబోయే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ మాట స్పష్టంగా రాయండి.