చిప్ సరేనంది, అసెంబ్లర్ కుదరదంది

"అన్నా, నిన్న బిల్డ్ అయింది. ఇవాళ అవ్వట్లేదు. కోడ్‌లో నేనేం ముట్టుకోలేదు."

ఏ సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనైనా వారానికి ఒక్కసారైనా వినిపించే డైలాగ్ ఇది. సీనియర్లు నవ్వేస్తారు. "ఏదో ముట్టుకునే ఉంటావ్‌లే" అంటారు. కానీ నిజంగా ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే బిల్డ్ ఆగిపోయిన కేసులున్నాయి. అందులో నాకు బాగా నచ్చింది 2023లో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కి జరిగింది.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ పేరు వినకపోయినా దాన్ని మీరు వాడే ఉంటారు. 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఇది. వీడియోని విప్పాలన్నా, వేరే ఫార్మాట్‌లోకి మార్చాలన్నా చాలా సాఫ్ట్‌వేర్లు దీన్నే లోపల పెట్టుకుంటాయి. వీఎల్‌సీ ప్లేయర్ కూడా దీని లైబ్రరీ వాడుతుంది.

2023 జూలై చివర్లో లైనక్స్ వాళ్లకి బిన్‌యుటిల్స్ 2.41 వచ్చింది. దాంతో అప్పటిదాకా హాయిగా బిల్డ్ అవుతున్న ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వెర్షన్లు టపటపా ఫెయిలవడం మొదలైంది. స్క్రీన్ మీద ఒకటే గోల: 'ఎస్‌హెచ్‌ఆర్' దగ్గర ఆపరాండ్ టైప్ మిస్‌మ్యాచ్.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. మనం సీ కోడ్ రాస్తే జీసీసీ దాన్ని నేరుగా మెషీన్ కోడ్ చెయ్యదు. ముందు అసెంబ్లీ టెక్స్ట్‌గా మారుస్తుంది. ఆ టెక్స్ట్‌ని ఇంకో ప్రోగ్రామ్, అంటే అసెంబ్లర్, మెషీన్ కోడ్ చేస్తుంది. ఈ అసెంబ్లర్ వచ్చేది బిన్‌యుటిల్స్ ప్యాకేజీలో. స్పీడ్ కోసం సీ కోడ్ మధ్యలోనే రెండు లైన్లు అసెంబ్లీ రాసుకుంటే అది ఇన్‌లైన్ అసెంబ్లీ. కోట్స్ మధ్య రాసిన ఆ లైన్లలో ఏముందో జీసీసీకి పట్టదు. ఖాళీల్లో రిజిస్టర్ పేర్లు, నంబర్లు నింపి అలాగే కింద వాడికి అందిస్తుంది. తప్పుంటే చెప్పేది అసెంబ్లరే.

ఇప్పుడు అసలు ట్రిక్. వీడియో డీకోడర్ పనంతా బిట్లు లెక్కపెట్టుకోవడమే. 32 బిట్ల సంఖ్యలో పైనుంచి 10 బిట్లు కావాలనుకోండి. దాన్ని కుడివైపు 22 స్థానాలు జరపాలి, అంటే 32 లోంచి 10 తీసెయ్యాలి. ఈ తీసివేత ఎందుకులే అని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వాళ్లు డైరెక్ట్‌గా మైనస్ 10 ఇచ్చేశారు! ఎనిమిది బిట్లలో మైనస్ 10 అంటే 246. 246 స్థానాలు జరపమంటే చిప్ ఏం చెయ్యాలి? ఎక్స్86 చిప్ 32 బిట్ల షిఫ్ట్‌లో ఆ సంఖ్యలోని కింది ఐదు బిట్లే చూస్తుంది. అంటే 32తో భాగిస్తే వచ్చే శేషమే లెక్క. 246లో 224 పోతే 22. మనకి కావాల్సింది సరిగ్గా అదే.

ఇదేం దొంగదారి కాదు. 286 నుంచి చిప్ ఇలాగే చేస్తుందని ఇంటెల్ మాన్యువల్‌లో రాసే ఉంది. మొదటి 8086 మాత్రం అలా చేసేది కాదు.

మరి ఎక్కడ తేడా కొట్టింది? జరపాల్సిన సంఖ్య రన్ అయ్యేటప్పుడే తెలిసేదైతే అది రిజిస్టర్‌లో ఉంటుంది. అందులో ఏముందో అసెంబ్లర్‌కి తెలీదు, అడగదు. ముందే తెలిసిన స్థిర సంఖ్య అయితే జీసీసీ దాన్ని టెక్స్ట్‌లోనే రాసేస్తుంది. అప్పుడు అసెంబ్లర్ కంట పడుతుంది. పాత అసెంబ్లర్ చూసీ చూడనట్టు వదిలేసేది. 2.41 నుంచి స్ట్రిక్ట్ అయింది, పరిధి దాటిన సంఖ్యని కుదరదు పొమ్మంది.

ఇందులో తమాషా ఏంటంటే, సంఖ్య ముందే తెలిసినప్పుడు ఈ ట్రిక్ వల్ల పైసా లాభం లేదు. 32 లోంచి 10 తీసే పని కంపైలరే బిల్డ్ టైమ్‌లో చేసేస్తుంది కదా. ట్రిక్ పనికొచ్చే చోట ఏ గొడవా రాలేదు. అవసరం లేని చోటే బిల్డ్ విరిగింది.

తప్పెవరిది? నా ఓటు అసెంబ్లర్‌కే, కానీ సగం మార్కులే. చేత్తో రాసిన అసెంబ్లీలో 31 దాటిన షిఫ్ట్ కనిపిస్తే అది చాలాసార్లు టైపింగ్ పొరపాటే, పట్టుకోవడం మంచిదే. కానీ ఒక వెర్షన్ పాటు వార్నింగ్ ఇచ్చి చూడొచ్చుగా? పైగా ఆ మెసేజ్! సమస్య సంఖ్య విలువలో ఉంటే టైప్ కలవలేదంటే కొత్తగా చేరిన కుర్రాడికి ఏం అర్థమవుతుంది?

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వాళ్లు చురుగ్గానే ఉన్నారు. 2.41 విడుదలకి ముందే, జూలై మధ్యలోనే ప్యాచ్ పెట్టేశారు. ఆ ఏడాది నవంబర్‌లో వచ్చిన 6.1 నుంచి ఆ చిక్కు లేదు. ఇరుక్కుపోయింది పాత వెర్షన్‌ని నమ్ముకున్నవాళ్లు. ప్రొడక్ట్ 4 సిరీస్ మీద నడుస్తోంది, మార్చే ధైర్యం లేదు. సోర్స్ అక్షరం మారలేదు, బిల్డ్ మెషీన్ మాత్రం రాత్రికి రాత్రి అప్‌డేటైంది. జీసీసీ వెర్షన్ చూసుకుంటే నిన్నటిదే! అసెంబ్లర్ వేరే ప్యాకేజీ అని అప్పుడు ఎవరికి తడుతుంది? కాబట్టి బిల్డ్ ఇమేజ్‌లో జీసీసీతో పాటు బిన్‌యుటిల్స్ వెర్షన్ కూడా కట్టేసి పెట్టుకోండి.

ఇంకో మాట. ఇలాంటప్పుడు అసెంబ్లీ మొత్తం ఆపేసే ఆప్షన్ పెట్టి బిల్డ్ పాస్ చేయించేవాళ్లుంటారు. పాస్ అవుతుంది, నిజమే. కానీ చేత్తో రాసిన స్పీడంతా పోయి సర్వర్‌లో వీడియోలు నత్తనడక నడుస్తాయి. ఆపాల్సి వస్తే ఇన్‌లైన్ ఒక్కదాన్నే ఆపే ఆప్షన్ విడిగా ఉంది. అంతకన్నా మంచిది, ఆ చిన్న ప్యాచ్ తెచ్చి అతికించుకోవడం.

మీ ఫోన్‌కి మాత్రం ఏమీ కాలేదు లెండి. ఫోన్లలో ఉండేది ఆర్మ్ చిప్, ఈ గొడవంతా ఎక్స్86 ఫోల్డర్‌లోని ఒక్క ఫైల్‌ది.

ఆ ప్యాచ్ చేసింది కూడా చిన్న పనే. సంఖ్య ముందే తెలిస్తే చిప్ చేసే శేషం లెక్క తనే చేసి ఇస్తుంది. తెలియకపోతే పాత మైనస్ ట్రిక్కే, మార్చలేదు. రిజిస్టర్‌లో దాక్కున్న సంఖ్య అసెంబ్లర్‌కి ఎలాగూ కనపడదు కదా!