యంత్రానికీ పరీక్ష పెట్టాలి

2021 మే నెలలో మన కృష్ణపట్నానికి కరోనా మందు కోసం వేల జనం వచ్చిపడ్డారు. ప్రభుత్వం పంపిణీ ఆపించి, మందును పరిశీలనకు పంపింది. మే 31న కొన్నిటికి అనుమతి ఇచ్చినా, నివేదిక రాలేదని కంటి చుక్కలను ఆపింది.

ఇప్పుడు కంటిని చూసి జబ్బు చెప్పే కంప్యూటర్లు వచ్చాయి. వాటికీ ఇలాంటి పరీక్ష కావాలా? యంత్రం మందులాగా ఒంట్లోకి పోదు గదా అంటారు కొందరు. నేను ఒప్పుకోను.

షుగరు జబ్బు ముదిరితే కంటి లోపలి తెర, అంటే రెటీనాలోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. చూపు మందగించేదాకా రోగికి తెలియదు. ఫొటో తీస్తే ముందే తెలుస్తుంది. 2016లో గూగుల్ శాస్త్రజ్ఞులు లక్షా 28 వేల పైచిలుకు ఫొటోలతో కంప్యూటరుకు ఈ విద్య నేర్పారు. వాటిలో కొన్ని అమెరికావి, కొన్ని మన దేశంలోని మూడు కంటి ఆసుపత్రులవి. నెల్లూరు వాళ్లు రైలెక్కి వెళ్లే మద్రాసు శంకర నేత్రాలయ అందులో ఒకటి. పరీక్షలో ఆ కంప్యూటరు కంటి డాక్టర్లకు దీటుగా నిలిచింది.

తర్వాత దాన్ని థాయిలాండులోని వైద్యశాలలకు తీసుకెళ్లారు. మొదటి ఆరు నెలల్లో 1838 ఫొటోలు చూపితే, 21 శాతం పనికిరావని తిప్పికొట్టింది!

ఎందుకో తెలుసా? రాత్రి అద్దం ముందు నిలబడి దీపం వెలిగించండి. కనుపాప చటుక్కున ముడుచుకుంటుంది. చీకట్లో విప్పారుతుంది. విప్పారిన పాపలోంచే రెటీనా బాగా కనిపిస్తుంది. అక్కడ చాలాచోట్ల గదిని చీకటి చేసే వీలు లేకపోయింది. ఫొటో సరిగా రాని రోగి ఇంకో రోజు, ఇంకో ఆసుపత్రికి పోవాలి. ఆ రోజు కూలి ఎవరిస్తారు?

మన పాళేలలో ముసలివాళ్లు చాలామందికి కళ్లలో శుక్లాలుంటాయి. శుక్లం ఉంటే ఫొటో మసకే.

చట్టం లేకపోలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్యానికి వాడే సాఫ్ట్‌వేర్ కూడా మన ఔషధ చట్టం కిందికి వచ్చింది. 2023లో భారత వైద్య పరిశోధనా మండలి కృత్రిమ మేధకు నైతిక సూత్రాలు రాసింది. మంచివే, కానీ అవి సలహాలు. డాక్టర్లు చాలని మన పల్లెలకు ఈ యంత్రాలు రావాలనే నా కోరిక. అయితే లైసెన్సు ఇచ్చేముందు పట్నం ఆసుపత్రిలోనే కాక ముత్తుకూరు వంటి చోట కూడా, మన రోగులపై, మన నర్సుల చేతుల్లో పరీక్షించాలి.

"మాస్టారూ, జబ్బు లేదని యంత్రం చెప్పాక చూపు పోతే ఎవరినడగాలి?" అంది మా పదో తరగతి అమ్మాయి. వాళ్ల నాయనకు షుగరు. కంపెనీనా, డాక్టరునా, నర్సునా? ఆ జవాబు లైసెన్సులోనే రాసి, రోగి చేతికి తెలుగులో ఇవ్వాలి.